బెంచి ఎంత ఎత్తుండాలి

జైలు, వడ్రంగి షెడ్డు
12 ఆగస్టు 2024

వెంకటనర్సయ్య బావకు,

నీ బామ్మర్ది బాలేష్ నమస్కారం. ఫోన్ చేద్దామంటే ఇక్కడ మాకు ఇచ్చేది కొద్ది నిమిషాలు. అందులో సగం అక్క ఏడుపుకే పోతుంది. నీకా, ఫోన్ చెవి దగ్గర పెడితే మాట పెగలదు. పెళ్ళిచూపుల్లో కూడా ఇట్లాగే బిగుసుకుని కూర్చున్నావని మా అమ్మ చెప్పేది. అందుకే కాగితం పట్టాను. మా ఉత్తరాలు ఒక సారు చదివాకే బయటికి పోతాయి, లోపలికి వస్తాయి. కాబట్టి తిట్టేది ఉంటే చూసి తిట్టు.

నీ కుడి పాదం తీసేశారని మొన్న ములాఖత్‌కు వచ్చినప్పుడు అక్క చెప్పింది. "షుగర్ పుండు మానలే తమ్మీ. నల్లగైందని డాక్టర్లు పాదం తీసేసిన్రు. మీ బావ గోడ దిక్కు మొఖం పెట్టి పంటుండు. ఇగ నా పని ఒడిసింది, రంపాలు, రందలు ఎవలికన్న ఇచ్చెయ్ అంటుండు" అంది. జాలీకి ఇవతల నిలబడి వినడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. శామీర్‌పేట రోడ్డు మీద నా డీసీఎం వ్యాను కింద పడి ఒక మనిషి పోయాడు, నాకు రెండేళ్ళు పడ్డాయి. నా సంగతి సరే. నువ్వు మంచాన పడితే అక్కకూ, మీ బిడ్డ యమునకూ దిక్కెవరు?

బావా, నువ్వు నేల మీద కూర్చుని, చెక్క పలకను కాలితో తొక్కిపట్టి వడ్రంగి పని చేస్తావు. ఆ కాలు పోయింది కాబట్టి పని కూడా పోయిందనుకుంటున్నావు. నన్ను ఇక్కడ వడ్రంగి షెడ్డులో వేశారు. ఇక్కడ ఎవరూ కింద కూర్చోరు. నడుము ఎత్తున పెద్ద చెక్క బెంచి ఉంటుంది, దాని ముందు నిలబడి చేస్తారు. బెంచి అంచుకు శికంజా అని ఒక ఇనుప దవడ ఉంటుంది. పలకను అందులో పెట్టి పిడి తిప్పితే కరిచి పట్టుకుంటుంది. కాలితో అవసరమే లేదు. పైగా నడుము బెంచికి ఆనించి నిలబడొచ్చు. నీకు సరిగ్గా ఇదే కావాలి.

మీ ఇంటి వెనక రేకుల కొట్టంలో, మేకను కట్టేసే చోట బెంచి పడుతుంది. బొమ్మ గీసి పంపుతున్నాను. నవ్వకు. మా షెడ్డులో గౌరయ్య అని పెద్దాయన ఉన్నాడు. ఆయనా ఖైదీయే, కానీ పని తెలిసినవాడు. ఆయన నాలుగు గీతలు దిద్దాడు. ఎత్తు మాత్రం చేసేవాడి ఒంటిని బట్టి ఉండాలట. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు ఎక్కడికి వస్తుందో అంత.

సరేనని ఒక్క ముక్క రాయి చాలు.

నీ
బాలేష్

అలియాబాద్
27 ఆగస్టు 2024

బాలేష్‌కు, ఈ ఉత్తరం నీకన్నా ముందు చదివే సారుకు కూడా దండాలు.

నిన్నటిదాకా స్టీరింగు తిప్పినవాడు ఇవాళ వడ్లాయనకు పని నేర్పుతున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. నీ బొమ్మను మీ అక్క గోడకు అంటించింది. వచ్చినవాళ్ళంతా ఇది మంచమా, మేకల తొట్టా అని అడుగుతున్నారు. నేను బామ్మర్ది బుర్ర అని చెప్తున్నాను.

బెంచీల మీద చేసేవాళ్ళను సిటీలో నేనూ చూశాను. అది వేరే పని. మా పనిలో కాలు మూడో చెయ్యి. పలక ఎటు జారబోతుందో కంటికన్నా ముందు కాలివేలికి తెలుస్తుంది. నా చిన్నప్పుడు మా నాయిన నాకు రంద ఇవ్వలేదు. ఆరు నెలలు ఆయన రంద తోసి పలకను నున్నగా చేస్తుంటే, దాన్ని తొక్కిపట్టి కూర్చోవడమే నా పని. అట్లా నేర్చుకున్నాను. ఇప్పుడు యాభై ఐదేళ్ళ వయసులో ఇనుప దవడకు మొక్కమంటున్నావు.

అయినా మంచంలో పడుకుని రేకుల కప్పును చూస్తూ ఎన్నాళ్ళు ఉంటాను? మీ అక్క మిషన్ కుట్టిన డబ్బుతో తింటుంటే ముద్ద దిగడం లేదు. అందుకే ఒప్పుకుంటున్నాను. ఆటో పర్వతాలు గుండ్లపోచంపల్లి గోదాములకు సామాను తోలుతాడు కదా, అక్కడ మిషన్లు దిగిన పెట్టెల చెక్క పారేస్తుంటే తెచ్చి మన వాకిట్లో వేశాడు. తేలిక చెక్క, విలాయతిది. పైపలకకు సరిపోతుంది. కాళ్ళకు మన తుమ్మ మొద్దు ఉండనే ఉంది.

ఎత్తు కొలవడానికి మీ అక్క టేపు పట్టుకొచ్చింది. నేను నిలబడితే ఎంత ఎత్తుంటానో నా పనికి ఎన్నడూ అవసరం పడలేదు. చంకకర్ర మీద నిలబడితే ఒక లెక్క, గోడకు ఆనుకుంటే ఇంకో లెక్క వచ్చింది. రెంటికీ మధ్యలో పెట్టుకున్నాం.

శికంజా ఇప్పుడు కుదరదు. ఆస్పత్రి నుంచి తేరుకోని ఇల్లు ఇది. అది లేకుండా బెంచి పనికొస్తుందా, మీ గౌరయ్యను అడిగి రాయి.

బావ
వెంకటనర్సయ్య

జైలు
9 సెప్టెంబరు 2024

బావకు,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. బామ్మర్ది బుర్ర అన్న చోట అందరికన్నా ఎక్కువ నవ్వింది ఉత్తరాల సారేనట. మొదట నా బొమ్మ చూసి ఆయన నన్ను పిలిపించాడు. "ఏంరా, గోడ దుంకనీకి నిచ్చెన గీస్తున్నవా?" అన్నాడు. మా బావకు బెంచి సార్ అని నీ కథంతా చెప్పాను. అప్పటి నుంచి ఆయనే "మీ బావ ఉత్తరం వచ్చింది" అని కబురు పెడుతున్నాడు.

శికంజా సంగతి అడిగాను. గౌరయ్య అది లేకుండా మొదలుపెట్టొద్దన్నాడు. ఆయన ప్రతిదానికీ అట్లాగే అంటాడు. నా మాట విను బావా. బెంచి ఆ చివర ఒక అడ్డు చెక్క కొట్టు. రంద తోస్తే పలక దానికి ఆనుకుని నిలుస్తుంది. ఇక్కడ చిన్న పనులన్నీ మేం అట్లాగే చేస్తాం. ముందు నువ్వు మంచం దిగి రంద పట్టుకోవాలి. శికంజా తర్వాత వస్తుంది.

ఈసారి దసరాకు పనిముట్ల పూజ బెంచి మీదే జరగాలి. మీ వాకిట్లో రంద చప్పుడు మళ్ళీ మొదలైందని అక్క చెప్తే నాకు ఇక్కడ సగం శిక్ష తగ్గినట్టే. పొద్దున గంట కొట్టగానే షెడ్డుకు పోయి, ఇవాళ బావ ఎంతవరకు తెచ్చాడో అని ఆలోచిస్తూ పని మొదలుపెడతాను.

నీ
బాలేష్

అలియాబాద్
16 అక్టోబరు 2024

బాలేష్‌కు,

బెంచి నిలబడింది. పండగకు ముందే నిలబడింది.

తుమ్మ మొద్దు కోయడానికి రంపం అవతలి కొస మీ అక్క పట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో మేమిద్దరం ఒక్క మాట మీద ఉన్నది ఇప్పుడే, లేకపోతే రంపం కదలదు కదా. కాళ్ళు దిగే బెజ్జాలు మంచం మీద కూర్చుని ఉలితో నేనే తవ్వాను. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నానని యమున అంది.

ఎదురింటి యాదవ్వ "వడ్లాయన నిలవడి పనిజేస్తడట, సూద్దాం పాండ్రి" అని వాడకట్టునంతా పోగేసింది. ఒకాయన అప్పుడే కొత్త దర్వాజ కావాలని బేరం మొదలుపెట్టాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అయినా దాచడమెందుకు, సంతోషం వేసింది. దసరా నాడు పనిముట్లన్నీ బెంచి మీద పేర్చి పసుపు కుంకుమ పెట్టాం. ఎప్పుడూ నేల మీద ఉండే బాడిశ, ఉలి అంత ఎత్తున కూర్చుంటే వాటికి నేను కొత్త, నాకు అవి కొత్త.

మరునాడు ఒక తమాషా జరిగింది. చంకకర్ర పక్కన పెట్టి, నువ్వు చెప్పినట్టే నడుము ఆనించి నిలబడ్డాను. రంద నాలుగు తోపులు బాగానే పోయింది. తర్వాత పలక అడ్డు చెక్క మీంచి లేచి పక్కకు జారింది. జారగానే దాన్ని ఆపుదామని కుడి కాలు చాచాను. చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. అంత ఎత్తు బెంచి మీదికి ఉన్న కాలైనా అందదు, లేని పాదం ఎట్లా అందుతుంది? అట్లాగే కూలబడ్డాను. రంద నా వెంటే వచ్చి ఎడమ కాలి చిటికెన వేలి మీద పడింది. మీ అక్క ఉరికొచ్చి, "ఏందయ్యా, కాలు లేదని గంత కూడ యాదికుండదా" అని తిట్టింది. తిట్టి తనే ఏడ్చింది. వేలు కొద్దిగా తెగింది. పసుపు పెట్టి గుడ్డ చుట్టాం. నువ్వు దాని గురించి పరేషాన్ కాకు.

ఒకటి అడుగుతాను. బెంచి ఎత్తు తగ్గించి, స్టూలు మీద కూర్చుని చేస్తే ఎట్లా ఉంటుంది?

బావ

జైలు
28 అక్టోబరు 2024

బావా,

తమాషా అని రాశావు. నాకు నవ్వు రాలేదు. మొదటి పాదం కూడా ఇంత చిన్న పుండుతోనే మొదలైందని మరిచిపోయావా? పసుపుతో సరిపెట్టకు. మేడ్చల్‌లో డాక్టర్‌కు చూపించు. అక్కకు కూడా ఇదే మాట చెప్పు.

అడ్డు చెక్క చాలని చెప్పింది నేనే. గౌరయ్య వద్దన్నాడు. జరిగింది చెప్తే ఆయన తల వంచుకుని తన పని చేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎత్తు మాత్రం తగ్గించకు. కూర్చుంటే రంద మీద ఒంటి బరువు పడదు. చేతులతో ఎంతసేపని తోస్తావు? ఒక్కసారి పడితే బెంచి పనికిరాదని కాదు. డ్రైవింగు నేర్చుకునేటప్పుడు నేను ఎన్నిసార్లు గోడకు గుద్దానో నీకు తెలుసు, ఆ గోడ మీ ఇంటిదే. కొద్ది రోజులు ఓపిక పట్టు. శికంజా కోసం నా జైలు కూలి దాస్తున్నాను.

ఈ నెల అక్క ములాఖత్‌కు రాలేదు. ఒంట్లో బాగుందా?

నీ
బాలేష్

అలియాబాద్
25 నవంబరు 2024

బాలేష్‌కు,

వేలు ఎండింది. దాని సంగతి వదిలేయి.

పెళ్ళిళ్ళ రోజులు కదా, మీ అక్కకు జాకెట్లు కుట్టడంతో తీరిక లేదు. అందుకే రాలేదు. కోపం లేదు.

నువ్వు వద్దన్నా బెంచి కాళ్ళు కోయించాను. స్టూలుకు సరిపడా తెచ్చాం. కొద్ది రోజులు చూశాక ఇంకా తగ్గించాలనిపించింది. పర్వతాలు వచ్చి మళ్ళీ కోశాడు. ఇప్పుడు మోకాలి ఎత్తుకు వచ్చింది. గౌరయ్యను ఒక మాట అడుగు. మనిషి నేల మీద కూర్చోవాలి, కాళ్ళతో ఏ పనీ ఉండకూడదు. అట్లాంటివాడికి బెంచి ఎంత ఎత్తుండాలి?

జవహర్‌నగర్ చెత్తగుట్టల గాలి ఇటు తిరిగినట్టుంది. ఇంట్లో కూర్చోలేకపోతున్నాం. యమున అగరొత్తులు వెలిగిస్తోంది. రేపు పొద్దున సిటీలో పని ఉంది, అందరం పోతున్నాం. వచ్చాక రాస్తాను. వెంటనే రాయకపోతే ఏమీ అనుకోకు.

బావ

జైలు
6 జనవరి 2025

బావకు,

వచ్చాక రాస్తానన్నావు. సంవత్సరం మారింది, ఉత్తరం రాలేదు. ఫోన్ చేస్తే యమున ఎత్తి "మామా, అమ్మ పనిల ఉన్నది" అని పెట్టేస్తోంది. మూడు నెలలుగా అక్క ముఖం చూడలేదు. మొన్న పర్వతాలు వచ్చాడు. మీ గురించి అడిగితే నేల చూపులు చూశాడు. చివరికి "యమునకు సంబంధం సూస్తున్నరు" అన్నాడు. ఇంకేమైనా అడగబోతే టైమైందని వెళ్ళిపోయాడు.

నాకు అర్థమైంది. పిల్లనిచ్చేటప్పుడు జైల్లో ఉన్న మేనమామ ఎవరికి ముద్దు? ఆ మాట నాకు చెప్పి ఉంటే నేనే ఉత్తరాలు మానేసేవాడిని. జాకెట్లు, సిటీలో పని అని కథలు ఎందుకు?

బెంచి సంగతి కూడా ఇప్పుడు తెలుస్తోంది. మొదట నడుము ఎత్తు, తర్వాత స్టూలు, తర్వాత మోకాలు. నేల మీద కూర్చునేవాడికి బెంచి ఎందుకు బావా? నా మాట మీద గురి లేక, కాదనలేక, కొద్దికొద్దిగా కోసి నేలకు తెచ్చావు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. ఒకటి గుర్తుపెట్టుకో. కోసిన కాలు మళ్ళీ పెరగదు. ఎత్తు తక్కువైందని రేపు నువ్వు ఎంత మొత్తుకున్నా అతుకు పెట్టి నిలబెట్టలేం. వడ్లాయనవు, ఈ మాట నేను నీకు చెప్పాలా?

గౌరయ్యను ఏమీ అడగలేదు. సిగ్గేసింది. బెంచిని పొయ్యిలో పెట్టుకోండి. నేను ఇక రాయను.

బాలేష్

అలియాబాద్
3 ఫిబ్రవరి 2025

బాలేషూ,

నీ ఉత్తరం మీ అక్క చదివింది, యమున చదివింది, నేను చదివాను. తప్పు నీది కాదు. నీకు ఏమీ చెప్పకుండా ఉంచింది నేను. ఇప్పుడు చెప్తాను. కూర్చుని చదువు.

నా ఎడమ కాలు కూడా తీసేశారు. మోకాలి కింద నుంచి. ఆ రోజు రంద పడిన వేలు మానలేదు. నువ్వు రాసినట్టే డాక్టర్‌కు చూపించాం, నువ్వు రాయకముందే చూపించాం. మందులు పనిచేయలేదు. వేలు నల్లబడింది, తర్వాత పాదం. జవహర్‌నగర్ గాలి అని రాశానే, అది నా కాలి వాసన. సిటీలో పని అన్నది ఆపరేషన్. పోయేముందు ఆ నాలుగు ముక్కలు రాసి పోయాను. మీ అక్క ఆస్పత్రిలో నా దగ్గర ఉంది. అందుకే నీ దగ్గరికి రాలేదు.

నీకు చెప్పొద్దని ఇంట్లో అందరి చేత ఒట్టు వేయించుకున్నాను, పర్వతాలు చేత కూడా. ఎందుకంటే బెంచి నీ ఆలోచన. ఒక మనిషి పోయిన బరువు నీ మీద ఇప్పటికే ఉంది. నా కాలు కూడా దానికి కలుపుకుంటావని భయపడ్డాను. నేను పడింది బెంచి వల్ల కాదు. నా కాలు అలవాటు అట్లాంటిది. నమ్ముతావో లేదో నీ ఇష్టం.

యమున సంగతి విను. సంబంధంవాళ్ళు వచ్చింది నిజమే. మేనమామ ఏం చేస్తాడని అడిగితే అది దాచలేదు. "జైల్ల ఉన్నడు. వచ్చే ఏడాది వస్తడు. ఆయన వచ్చినంకనే పెండ్లి" అంది. వాళ్ళు మళ్ళీ రాలేదు. దానికేమీ చింత లేదు, నర్సు ట్రైనింగుకు పోతోంది.

బెంచికి ఇప్పుడు కాళ్ళు లేవు. పైపలకను నేల మీద పరిచాం. నేను దాని వెనక కూర్చుంటాను. కూర్చోగలను, చేతులు బాగున్నాయి. పర్వతాలు ఎక్కడో పాత శికంజా సంపాదించి తెచ్చాడు. నువ్వు చెప్పింది నిజమే, పలకను కరిచి పట్టుకుంటుంది. కానీ రంద తోస్తే పలక బదులు నేను జరుగుతున్నాను. కాళ్ళుంటే నేలను తన్నిపెట్టి తోస్తాం. అవి లేకపోతే ఆ తోపుకు మనమే వెనక్కి పోతాం. గోడకు ఆనుకుంటే చేతులు చాలినంత ముందుకు పోవు. ముందుకు వంగితే బోర్లా పడుతున్నాను.

ఎవరైనా ఎదురుగా కూర్చుని, నా తొడలకు వాళ్ళ కాళ్ళు తన్నిపెట్టి నేలకు అదిమితే నేను వెనక్కి జారను, బోర్లా పడను. మీ అక్క కూర్చుంది. కానీ మొగుడికి కాలు తగిలించడమా అని మోకాళ్ళు ముడుచుకుంది. "ఏ జన్మల పాపమో గిట్లయ్యింది, ఇంకో పాపం నాతోని జేపియ్యకు" అంది. యమున తండ్రికి కాలు తగిలించనంది. బయటివాళ్ళను పిలిస్తే పెద్దవాణ్ణి ఎట్లా తన్నాలని నవ్వి పోతున్నారు. నాకు ఏం చేయాలో తోచడం లేదు బాలేషూ. చేతుల్లో పని అట్లాగే ఉంది, దాన్ని బయటికి తీసే దారి లేదు.

నీ ఉత్తరాలు ఆపకు.

బావ

జైలు
20 ఫిబ్రవరి 2025

బావకు,

ఎప్పుడూ కబురు పెట్టే సారు ఈసారి తనే షెడ్డుకు వచ్చి నీ ఉత్తరం చేతిలో పెట్టి పోయాడు. అప్పుడే ఏదో జరిగిందనుకున్నాను.

కోసిన కాలు పెరగదని రాశాను. ఆ మాట రాసిన చెయ్యిని ఏం చేసుకోవాలో తెలియడం లేదు. వారం రోజులు షెడ్డులో రంద ముట్టుకోలేదు. బెంచి ముందు నిలబడితే రెండు కాళ్ళ మీద నిలబడ్డానని గుర్తొస్తోంది. నీ కాలు నా లెక్కలో వేసుకోవద్దన్నావు. అది నీ చేతిలో లేదు బావా. శికంజా లేకుండా మొదలుపెట్టమన్నది నేను.

పది రోజులు ఇంటికి పంపమని అర్జీ పెట్టుకున్నాను. అది తిరిగొచ్చింది. కారణం సరిపోదన్నారు. మా బావ చెక్క మీద రంద పట్టాలి, నేను ఎదురుగా కూర్చోవాలి అని రాస్తే ఎవరికి మాత్రం అర్థమవుతుంది? సారు కూడా నా కోసం ఒక మాట చెప్పి చూశాడట. ఆయన చేతుల్లోనూ లేదు.

అక్కకు పాపం, యమునకు పాపం. నాకు లేదు. బావను తన్నే భాగ్యం ఏ బామ్మర్దికి దొరుకుతుంది? నేను వచ్చాక నీ ఎదురుగా కూర్చుంటాను. ఒక కాలు నీ తొడకు తన్నిపెడతాను. ఇంకో కాలితో పలకను తొక్కిపడతాను, శికంజా కూడా వద్దు. నువ్వు రంద పట్టు. మీ నాయిన పట్టినప్పుడు నువ్వు కూర్చున్నట్టే కూర్చుంటాను.

నిన్న షెడ్డులో ప్రయత్నించి చూశాను. గౌరయ్యను నేల మీద కూర్చోబెట్టి, నేను ఎదురుగా కూర్చుని పలక మీద కాలు పెట్టాను. ఆయన రంద తోయగానే పలక నా కాలి కింద నుంచి చేప జారినట్టు జారింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ జారింది. అందరూ పని ఆపి చూస్తున్నారు. ఇన్నేళ్ళు బ్రేకు, క్లచ్ తొక్కిన కాళ్ళు నావి, ఒక పలకను పట్టలేకపోయాయి. గౌరయ్యకు కూడా ఈ కాలిపని రాదు. అది తెలిసినవాడివి నువ్వే.

ఎట్లా పెట్టాలో రాయి బావా. ఎంత చిన్న సంగతైనా వదలకుండా రాయి. నాకు ఇంకా ఏడాది ఉంది, నేర్చుకుంటాను.

నీ
బాలేష్

అలియాబాద్
12 మార్చి 2025

బాలేష్‌కు,

ఈ పని ఎవరికైనా చేసి చూపిస్తారు, రాసి చెప్పరు. మా నాయిన కూడా నాకు ఒక్క మాట చెప్పలేదు. జారినప్పుడల్లా రంద పిడితో మోకాలి మీద ఒకటి ఇచ్చేవాడు, అంతే. నేను చేసి చూపించలేను కాబట్టి రాస్తున్నాను. రెండు రోజుల నుంచి రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. మీ అక్క వచ్చి చూసి పోతోంది.

పలక మీద కాలు పెట్టే ముందు దాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకో. అక్కడ ఎవరైనా నవ్వితే నవ్వనీ. చెక్కను మొక్కకుండా తొక్కకూడదు. ఇంకోటి, అది చేసినవాడికి కాలు నెమ్మదిగా దిగుతుంది, నీలాగా బ్రేకు తొక్కినట్టు పడదు.

మడమను పలక మీద పెట్టకు, అక్కడే నువ్వు తప్పు చేశావు. మడమ నేల మీద ఉండాలి. పాదం ముందు భాగం మాత్రమే పలక అంచు మీదికి రావాలి. బొటనవేలు పైన, పక్క వేలు అంచుకు కిందుగా, మధ్యలో పలక. చిటికె పట్టినట్టు ఉండాలి. నువ్వు నా ఎదురుగా కూర్చుంటావు కాబట్టి రంద నీ మీదికి వస్తుంది. వస్తుంటే భయపడి కాలు తీస్తావు. తీయకు. రంద దగ్గరికి వచ్చేకొద్దీ వేలు నొక్కాలి, వెనక్కి పోగానే వదలాలి. ఎప్పుడూ నొక్కి ఉంచితే కాలు తిమ్మిరెక్కుతుంది, పలక ఎటు పోతోందో తెలియదు. నొక్కడం, వదలడం రంద చప్పుడుతో కలవాలి. కొన్నాళ్ళకు చప్పుడు వినకముందే వేలు దానంతటదే నొక్కుకుంటుంది. అప్పుడు వచ్చినట్టు లెక్క.

రెండో కాలు నా తొడకు తన్నిపెట్టేటప్పుడు మొహమాటపడకు. గట్టిగా పెట్టు. నాకు నొప్పి ఉంటే చెప్తాను.

పనిముట్లకు తుప్పు పట్టకుండా నూనె రాసి గుడ్డలో చుట్టాను. దర్వాజ అడిగినాయన ఇంకెక్కడో చేయించుకున్నాడు. బెంచి పలక మీద ఇప్పుడు మీ అక్క జాకెట్ గుడ్డలు కత్తిరిస్తోంది. దానికి బాగానే పనికొస్తోంది.

ఇందాక బొటనవేలు ఎట్లా పెట్టాలో రాస్తుంటే నా కుడి బొటనవేలు నొక్కుకుంది. అది లేదు. లేదని తెలుసు. దుప్పటి తీసి చూశాను కూడా. అయినా నొక్కుకుంది, వదిలింది, మళ్ళీ నొక్కుకుంది. కలం పక్కన పెట్టి, అది ఆగేదాకా కూర్చున్నాను. మీ అక్క "ఏమైందయ్యా" అంది. దుప్పటి కప్పుకుని మళ్ళీ కలం పట్టాను.

నువ్వు వచ్చే ఏడాది దాకా రాలేవని నాకు తెలుసు. రమ్మన్నా రాలేవు. అయినా రాస్తున్నాను బాలేషూ, జల్దీ రా.

నీ బావ
వెంకటనర్సయ్య